పౌలు నోట కవుల మాట

ఈ వారము వర్తమానము కొంచెము వేరుగా ఉంటుంది. వాక్యధ్యానము కంటె చరిత్ర పాఠమే ఎక్కువ. ఓపికగా వినండి. బైబిలు, ఒక కాగితము, ఒక పెన్ను దగ్గర పెట్టుకోండి.

ఉదయగిరి ప్రాంతము నుండి ఒక సహోదరుడు ఉత్తరము వ్రాశారు. వారి కుమార్తె ఆత్మకూరులో ఉండి ఇంగ్లీషు సాహిత్యముతో డిగ్రీ చదువుచున్నది. పాఠములలో గ్రీకు నాటకములు, వాటికి సంబంధించిన పదములు వచ్చినవి. సొఫొక్లీసు, అరిస్టాటిలు, హమర్తియ, కథార్సిస్, ఇట్టి పేర్లు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ బిడ్డ, తెలియక తండ్రిని చంపి తల్లిని పెండ్లి చేసుకొన్న ఒక రాజు కథను తల్లికి చెప్పింది. ఇంట్లో కలవరము పుట్టింది. సంఘ పెద్దలు కొందరు వచ్చి, ఇవి విగ్రహారాధికుల పుస్తకములు, ఆడపిల్ల చేతికి ఇట్టి కథలా, చదువు మాన్పించండి అన్నారట. "అయ్యగారూ, మాన్పించమంటారా?" అని ఆ సహోదరుడు అడుగుచున్నారు. పరీక్ష ఫీజు కట్టే తేదీ దగ్గర పడిందని కూడా వ్రాశారు. కాబట్టి మిమ్మల్ని చివరి వరకు కాయించకుండా జవాబు ముందే చెబుతాను. ఫీజు కట్టండి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తీయండి. పౌలు ఏథెన్సుకు వచ్చాడు. ఏథెన్సు ఎలాగుంటుందో ఉదయగిరి వారికి చెప్పడము సులభము. ఊరికి పైన కొండ, కొండ మీద కోట గోడలు, గుడులు, క్రింద బజారు. ఆ కొండ ప్రక్కనే ఒక చిన్న రాతి గుట్ట ఉంది. దాని పేరే అరేయొపగు. ఆ పేరు గల సభ యెదుట పౌలు నిలువబడ్డాడు. వినేవారిలో ఎపికూరీయులు, స్తోయికులు ఉన్నారు, బాగా చదువుకొన్నవారు. పౌలు అక్కడ మోషేతో మొదలుపెట్టలేదు, యెషయాతో మొదలుపెట్టలేదు. వారి బలిపీఠముతో మొదలుపెట్టాడు. 28వ వచనానికి వచ్చేసరికి వారి కవుల మాటనే తన నోట పలికాడు. మనుష్యులు దేవుని సంతతివారు అనే భావము గల మాట అది. మన తెలుగు బైబిలులో ఆ కవులను ఏమని పిలిచారో చూడండి. కవీశ్వరులు! అన్యుల కవులే, అయినా మన తెలుగు అనువాదకులు ఆ గౌరవము తీసివేయలేదు. నెల్లూరులో కూర్చుండి భారతము వ్రాసిన తిక్కన వంటి వారికి మనము ఇచ్చే మర్యాదనే వారికిచ్చారు.

ఎవరు ఆ కవీశ్వరులు? ఒకడి పేరు అరాటు. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దపు వాడు. ఊరు కిలికియ దేశములోని సొలి. పౌలు పుట్టిన తార్సు కూడా కిలికియలోనిదే కదా! అంటే పౌలు తన స్వదేశపు కవి మాటనే పట్టుకొన్నాడు. మన వైపు పెద్దలు మాటల మధ్యలో ఒక వేమన పద్యము వేసినట్లు. అరాటు వ్రాసిన పెద్ద కావ్యము పేరు ఫైనోమెనా. ఆకాశములోని నక్షత్రములను గూర్చి, వాన గుర్తులు, గాలి గుర్తులను గూర్చి చెప్పిన కావ్యము. మన రైతులు కార్తెలు లెక్కపెట్టి విత్తనము వేసుకొన్నట్లే, ఆ కాలపు రైతులకు, ఓడవారికి పనికివచ్చే సంగతులు అందులో ఉన్నాయి. రోమాలో గొప్ప వక్తయైన సిసెరో చిన్నతనములో దానిని లాటిను భాషలోకి తిప్పాడు. ఆ కావ్యము మొదలయ్యేది ఎవరి స్తుతితో? జ్యూస్ అనే గ్రీకు దేవుని స్తుతితో. పౌలు ఎత్తి చెప్పిన మాట ఆ స్తుతిలోనిదే. ఈ సంగతి విని కొందరు ఉలిక్కిపడతారు. పౌలు మాత్రము ఉలిక్కిపడలేదు. ఆ మాటను జీవముగల దేవుని వైపు త్రిప్పాడు, విగ్రహము బంగారముతో వెండితో చేసినది ఎలా దేవుడగును అని వారి కవి మాటతోనే వారిని అడిగాడు.

ఇలాంటి మాటనే చెప్పిన మరొక కవి క్లెయాంతు. స్తోయికుల పెద్ద. ఆయన అస్సు పట్టణస్థుడు. అపొస్తలుల కార్యములు 20:13లో పౌలు కాలినడకన వెళ్లిన అస్సు అదే. క్లెయాంతు చాలా బీదవాడు. పగలు గురువు దగ్గర చదువు, రాత్రి తోటలకు నీళ్లు తోడి కూలి సంపాదించుకొనేవాడని ఆయన జీవితము వ్రాసినవారు చెప్పారు. మెట్ట పొలాల్లో రాత్రి కరెంటు వచ్చినప్పుడు లేచి నీళ్లు కట్టుకొనే మనవారికి ఆయన పరాయివాడుగా కనబడడు.

ఇక ఎపిమెనిదీసు అని క్రేతు ద్వీపము వాడు. తీతుకు వ్రాసిన పత్రిక 1:12 చూడండి. క్రేతీయుల స్వభావమును గూర్చి అక్కడ పౌలు ఎత్తి చెప్పిన కఠినమైన మాట ఇతనిదని మొదటి శతాబ్దముల సంఘ పెద్దలు వ్రాశారు. పౌలు అతనిని వారి ప్రవక్త అని కూడా అన్నాడు. ఈ ఎపిమెనిదీసును గూర్చి ఒక సంగతి ఉంది, గొర్రెలు కాచుకొనే మన ఉదయగిరి వారు శ్రద్ధగా వినాలి. ఏథెన్సులో ఒకసారి తెగులు వచ్చింది. ఏ దేవునికి కోపము వచ్చిందో తెలియలేదు. ఎపిమెనిదీసును పిలిపించారు. అతడు నల్ల గొర్రెలను తెల్ల గొర్రెలను అరేయొపగు దగ్గరకు తోలుకొని పోయి, వదిలిపెట్టి, ఏ గొర్రె ఎక్కడ పండుకొంటే అక్కడ బలి అర్పించమన్నాడు. అందువలననే ఏథెన్సులో పేరు లేని బలిపీఠములు కనబడతాయి అని దియొగెనీసు లయేర్తియు అనే గ్రంథకర్త వ్రాశాడు. దియొగెనీసు పౌలు తరువాతి కాలపు వాడు, ఎపిమెనిదీసు కథ చాలా పాతది, కాబట్టి కథలో ఎంత చరిత్రయో నేను పందెము కట్టను. అయితే ఏథెన్సువారు తమ ఊరి పేరులేని బలిపీఠములకు చెప్పుకొన్న కారణము మాత్రము ఇది. ఇప్పుడు మళ్లీ 17:23 చదవండి. తెలియబడని దేవుని బలిపీఠము. పౌలు ఎక్కడ నిలువబడి ఆ మాట ఎత్తాడో ఇప్పుడు అర్థమైనదా?

మూడవవాడు మెనాండరు. క్రీస్తుకు పూర్వము 342 ప్రాంతములో ఏథెన్సులో పుట్టి హాస్యనాటకములు వ్రాసినవాడు. 1 కొరింథీయులకు 15:33లో దుష్టసాంగత్యమును గూర్చిన హెచ్చరిక ఉంది కదా! సండే స్కూలు పిల్లలకు మనము కంఠస్థము చేయిస్తాము. అది మెనాండరు నాటకములోని మాట అని పూర్వులు చెప్పారు. ఆ నాటకము పేరు థాయిస్. థాయిస్ అంటే ఒక వేశ్య పేరు! నాటకము పేరెత్తితేనే ముఖము చిట్లించుకొనే మనము, అందులోని మాటను బంగారు వాక్యముగా గోడకు వ్రాసుకొన్నాము. నేను ఎగతాళికి చెప్పడము లేదు. ఆ మాట మంచిది. మంచి మాట ఎక్కడ దొరికినా పౌలు దానిని ఏరుకొన్నాడు.

ఇంకొకటి. దమస్కు మార్గములో పౌలు విన్న స్వరములో ఒక సామెత ఉంది, 26:14. మునికోలలకు ఎదురు తన్నే ఎద్దు సామెత. ఎద్దులతో దున్నిన తరము వారికి మునికోల అంటే చెప్పనక్కరలేదు. కర్ర చివర మేకు. ఎద్దు వెనక్కి తన్నితే నొప్పి ఎద్దుకే. ఈ సామెత గ్రీకు నాటకములలో ఉంది. ఎస్కిలు వాడాడు, యురిపిదీసు కూడా తన చివరి కాలపు నాటకములో వాడాడు. దేవునితో పోరాడే రాజుకు చెప్పిన మాట అది. పరలోకము నుండి మాట్లాడిన ప్రభువు, చదువుకొన్న సౌలుకు తెలిసిన సామెతతోనే మాట్లాడాడు.

ఇవన్నీ ఊరందరి నోట ఉన్న మాటలే, పౌలు ఆ పుస్తకములు చదివి ఉండనక్కరలేదు అని కొందరు పండితులంటారు. మెనాండరు మాట విషయములో అది నిజము కావచ్చు. కాని తార్సు పట్టణస్థులు తత్వశాస్త్రమందు ఏథెన్సు, అలెక్సంద్రియ వారిని మించిన ఆసక్తి గలవారని స్ట్రాబో అనే భూగోళ గ్రంథకర్త వ్రాశాడు. అట్టి ఊరిలో పుట్టిన మనిషి కవుల మాటలు విని ఎరుగడని నేను అనుకోలేను.

ఇప్పుడు పదముల దగ్గరకు వద్దాము. ఆ బిడ్డను కంగారు పెట్టినవి పదములే కదా.

క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషను కొయినే అంటారు. అందరికీ చెందిన భాష అని అర్థము. అలెక్సాండరు క్రీస్తుకు పూర్వము 323లో చనిపోయాడు. అతని సైన్యము, వర్తకులు తిరిగిన దేశములన్నిటిలో ఒక బజారు గ్రీకు నిలిచిపోయింది. అది హోమరు కావ్యభాష కాదు, సొఫొక్లీసు నాటకభాష కాదు. అందుకే పూర్వము కొందరు, సువార్తల భాష ఎవరి భాషా కాదు, పరిశుద్ధాత్ముడు ప్రత్యేకముగా చేసిన భాష అనుకొన్నారు. 1896లో గ్రెన్‌ఫెల్, హంట్ అనే ఇద్దరు ఐగుప్తులో ఆక్సిరింకసు అనే పాత ఊరి చెత్తదిబ్బలు త్రవ్వడము మొదలుపెట్టారు. ఎండు ఇసుకలో కాగితములు పాడుకాలేదు. రసీదులు, కౌలు పత్రములు, ఇంటికి వ్రాసుకొన్న ఉత్తరములు, అన్నీ బయటపడినవి. భాష చూస్తే మత్తయి, మార్కు భాష వంటిదే! అదే దిబ్బలలో మత్తయి సువార్త మొదటి అధ్యాయము ముక్క దొరికింది, సొఫొక్లీసు నాటకము ముక్క కూడా దొరికింది. డైస్‌మన్ అనే జర్మను పండితుడు ఇట్టి కాగితములను చూపి, మత్తయి 6:2లో వారు తమ ఫలము పొందియున్నారు అనే చోట ఉన్న గ్రీకు మాట రసీదుల మీద వ్రాసే మాటయే అని తేల్చాడు. మన శెట్టిగారు బాకీ తీరిన తరువాత చిట్టా మీద చెల్లు అని వ్రాస్తారే, అదే. మనుష్యులు చూడవలెనని ధర్మము చేసినవానికి పూర్తిగా చెల్లు పడిపోయింది, దేవుని దగ్గర బాకీ ఏమీ లేదు.

ఆ వచనములోనే ఇంకొక మాట ఉంది. హుపొక్రితేస్. గ్రీకు సాహిత్యములో ఈ మాటకు అర్థము నటుడు. ఏథెన్సులో కొండ వాలున రాతి మెట్ల మీద జనము కూర్చుంటే, క్రింద నటులు ముఖమునకు తొడుగు వేసుకొని ఆడేవారు. స్త్రీల వేషములు కూడా మగవారే. మాట్లాడే నటుల సంఖ్యను మూడుకు పెంచినవాడు సొఫొక్లీసు అని అరిస్టాటిలు వ్రాశాడు. ముగ్గురే అన్ని వేషములు మార్చి మార్చి వేయాలి. ఇప్పుడు మన తెలుగు బైబిలు మాట చూడండి, వేషధారి! ఇంగ్లీషువారు ఆ గ్రీకు మాటనే తీసుకొని హిపోక్రిట్ అన్నారు. ఇంగ్లీషు పిల్లవానికి అది ఒక తిట్టు మాత్రమే, అందులో నాటకము కనబడదు. మన తెలుగులో నాటకము కనబడుతుంది. మన పల్లెల్లో వీధినాటకము చూసిన పెద్దలకు నేను చెప్పేదేముంది? రాత్రి కిరీటము పెట్టుకొని రావణుడై గర్జించినవాడు, తెల్లవారి మనతోపాటు కూలికి వస్తాడు. రాత్రి సీతయై ఏడ్చినవాడికి పగలు మీసము ఉంటుంది. వాడు చెడ్డవాడు కాడు, అది వాడి కళ. ప్రభువు నటుని తిట్టలేదు. ప్రార్థనను నాటకము చేసినవానిని గద్దించాడు. ఈ తేడా తెలియాలంటే నాటకము అంటే ఏమిటో కొంచెము తెలియాలి.

తెలుగులో ఇట్టి మాటలు వెదకి పెట్టినవారిని తలంచుకోవడము న్యాయము. 1805 నుండి విశాఖపట్టణములో క్రాన్, డెగ్రాంజి అనే మిషనెరీలు పని చేశారు. ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడుగా కూర్చున్నాడు. 1809లో ఒకరు, 1810లో ఒకరు ఇద్దరు దొరలూ చనిపోయారు. వారి తెలుగు సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చయినవి. తరువాత ఎందరో సవరించారు. మన నెల్లూరు మిషనులో పని చేసిన జూయెట్ దొరగారు కూడా ఆ సవరణ పనిలో పాలుపొందారు. 1840లో నెల్లూరులో మొదలైన ఆ మిషనుకు 1885లో ఉదయగిరి, 1893లో ఆత్మకూరు కేంద్రములైనవి. ఆ బిడ్డ ఇంట్లో ఉన్న బైబిలులో ప్రతి పదము వెనుక గ్రీకు తెలిసినవాడు ఒకడు, తెలుగు కావ్యములు తెలిసినవాడు ఒకడు ఉన్నారు. ఇద్దరిలో ఎవరు లేకపోయినా మనకు ఆ పుస్తకము లేదు.

ఇక హమర్తియ. ఇది ఆ బిడ్డ పాఠములో ఉన్న పదమే. అరిస్టాటిలు తన కావ్యశాస్త్ర గ్రంథములో, మంచివాడైన నాయకుడు దుర్మార్గము వలన కాక ఒక హమర్తియ వలన కూలిపోవాలి, అప్పుడే చూసేవారికి జాలి, భయము కలుగుతాయి అన్నాడు. అక్కడ దానికి పొరపాటు, తెలియక చేసిన తప్పు అని అర్థము. క్రొత్త నిబంధనలో పాపము అనే చోట ఉన్నది ఈ పదమే. హోమరు కావ్యములలో విసిరిన ఈటె గురి తప్పితే ఈ మాటకు సంబంధించిన క్రియనే వాడతారు. మన ప్రసంగీకులు చాలామంది, గ్రీకులో పాపము అంటే గురి తప్పుట అని చెప్పి అక్కడే ఆగిపోతారు. గురి తప్పుటే అయితే ఇంకొకసారి బాగా గురి చూస్తే సరిపోతుంది కదా, రక్షకుడెందుకు? పౌలు ఈ పదమును హోమరు దగ్గర తీసుకోలేదు. అలెక్సంద్రియలో యూదులు పాత నిబంధనను గ్రీకులోకి తిప్పినప్పుడు, హెబ్రీ భాషలో దేవుని మీద తిరుగుబాటుకు, బలి కావలసిన అపరాధమునకు వాడిన మాటకు బదులుగా దీనిని పెట్టారు. ఆ భారమంతా అప్పుడు ఈ పదము నెత్తికెక్కింది. హెబ్రీ మాటకు కూడా గురి తప్పుట అనే అర్థము ఉంది, న్యాయాధిపతులు 20:16లో ఎడమచేతి వాటము గల బెన్యామీనీయుల వడిసెల సంగతి చూడండి. కాని పదము ఎక్కడ పుట్టిందో అది ఒకటి, ఎక్కడ పెరిగిందో అది ఒకటి.

అందుకే నేను సొఫొక్లీసు కథను ఆ బిడ్డ చదవాలంటాను. ఈడిపసు రాజు తెలియక చేశాడు. తేబెసు పట్టణములో తెగులు వస్తే, కారకుడైన పాపిని పట్టుకొంటానని ప్రజల యెదుట ప్రమాణము చేశాడు. వెదకి వెదకి చివరకు ఆ పాపి తానే అని కనుగొన్నాడు. ఈ కథ ఎక్కడో విన్నట్టుంది కదా? నాతాను గొర్రెపిల్ల కథ చెప్పినప్పుడు, అట్టి పని చేసినవాడు మరణపాత్రుడు అని దావీదు మండిపడ్డాడు. ఆ మనుష్యుడు తానే. ఈడిపసు తెలియక చేశాడు, దావీదు తెలిసే చేశాడు. దావీదు నేరము పెద్దది. అయినా ఈడిపసు తన కన్నులు తానే పొడుచుకొన్నాడు, ఎందుకంటే అతని కథలో క్షమించేవాడు లేడు. దావీదుకు 51వ కీర్తన ఉంది. ఈ రెండింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చదివిన పిల్ల, క్షమాపణ అంటే ఏమిటో నా పది ప్రసంగముల కంటె బాగా గ్రహిస్తుంది. సహోదరుడా, ఆ కథ అసభ్యమని మీ పెద్దలు అన్నారు. ఆదికాండము 19, 38 అధ్యాయములు మన బైబిలులోనే ఉన్నాయి. అక్కడా ఇక్కడా పాపమును పాపముగానే చూపించారు, ముద్దుగా చూపించలేదు.

అగాపే పదమును గూర్చి కూడా ఒక మాట, ఎందుకంటే దీని మీద మన పుల్పిట్లలో చాలా గొప్పలు వింటున్నాము. అగాపే అంటే దేవుని ప్రేమ మాత్రమే, మనుష్యుల ప్రేమకు వేరే మాటలు అంటారు. 2 సమూయేలు 13వ అధ్యాయములో అమ్నోను తామారును మోహించాడు కదా. పౌలు చదివిన గ్రీకు పాత నిబంధనలో అక్కడ ఉన్నది ఈ మాటకు సంబంధించిన క్రియయే. దేమా ఇహలోకమును స్నేహించి వెళ్లిపోయాడని 2 తిమోతి 4:10లో ఉంది, అక్కడా అదే క్రియ. ప్రేమ గొప్పదనము పదములో లేదు, సిలువలో ఉంది. అక్షరము ముక్క తెలియని గ్రీకును చూపించి అమాయకులైన విశ్వాసులను బెదిరించడము కంటె, ఆత్మకూరులో చదువుకొనే ఆ పిల్ల నిజముగా నాలుగు ముక్కలు నేర్చుకొని రావడము సంఘానికి మేలు.

మిగిలిన పదములు త్వరగా చెబుతాను. ఎక్లేసియ అంటే ఏథెన్సులో పౌరులందరు కూడి ఓటు వేసే సభ. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు గలిబిలి గుంపుకు కూడా ఇదే మాట వాడారు, మన బైబిలులో అక్కడ సభ అని, వేరే చోట్ల సంఘము అని పెట్టారు. యువాంగెలియోన్, అనగా సువార్త, చక్రవర్తిని గూర్చి కూడా వాడిన మాట. క్రీస్తుకు పూర్వము 9లో ప్రియేనె పట్టణపు శాసనములో ఔగుస్తు పుట్టినరోజును లోకమునకు శుభవార్తల ప్రారంభము అని చెక్కారు. ఆ ఔగుస్తు ప్రజాసంఖ్య వ్రాయించిన దినములలోనే బేత్లెహేములో దూత అదే వరుస మాటతో గొర్రెల కాపరులతో మాట్లాడాడు. లోగోస్ మాటను క్రీస్తుకు పూర్వము 500 ప్రాంతములో లోకమును నడిపించే నియమము అనే అర్థముతో వాడిన హెరాక్లీటు ఎఫెసువాడు. యోహాను వృద్ధాప్యములో నివసించాడని సంఘము చెప్పుకొన్న ఊరు కూడా ఎఫెసే. హెరాక్లీటు ఆ వాక్యమును గూర్చి ఎంతో చెప్పాడు గాని, అది శరీరధారి అవుతుందని అతనికి తోచలేదు.

మా పెద్దలు చెప్పినది పూర్తిగా తప్పా అని అడుగుతారేమో. వారి భయము క్రొత్తది కాదు. ఏథెన్సుకు యెరూషలేముతో ఏమి పని అని కార్తేజి వాడైన తెర్తుల్లియను అడిగాడు. బైబిలును లాటినులోకి తిప్పిన జెరోము జ్వరములో ఒక కల కన్నాడు. న్యాయాధిపతి యెదుట తాను క్రైస్తవుడనని చెబితే, కాదు, నీవు సిసెరో వాడవు అని దెబ్బలు కొట్టించారట. పుస్తకము మీద మోహము ప్రభువు మీద ప్రేమను మించిపోవచ్చు, అది నిజమైన అపాయమే. కాని జెరోము ఆ లాటిను చదువే లేకపోతే ఆ బైబిలు అనువాదము ఎక్కడిది?

కైసరయ బిషప్పు బాసిలు, నాలుగవ శతాబ్దపు వాడు, ఇదే ప్రశ్న మీద యౌవనస్థులకు ఒక ప్రసంగమే వ్రాశాడు. తేనెటీగ అన్ని పువ్వుల మీద వాలదు, వాలిన పువ్వును మొత్తము ఎత్తుకొని పోదు, కావలసినది తీసుకొని మిగతాది వదిలేస్తుంది, అలాగే చదవండి అన్నాడు. మోషే ఐగుప్తు విద్యలను, దానియేలు కల్దీయుల విద్యను నేర్చుకొన్న సంగతి జ్ఞాపకము చేశాడు. ఈ బాసిలు, అతని స్నేహితుడు గ్రెగొరి, ఏథెన్సులో చదువుకొన్నవారు. వారు అక్కడ ఉన్న కాలములోనే జూలియను అనే రాజకుమారుడు కూడా అక్కడికి చదువుకు వచ్చాడు. తరువాత అతడు చక్రవర్తి అయ్యాడు, క్రీస్తును విడిచి పాత దేవతల వైపు తిరిగాడు. 362లో అతడు చేసిన పని ఏమిటో తెలుసా? సంఘములను తగలబెట్టలేదు. క్రైస్తవ ఉపాధ్యాయులు హోమరును, గ్రీకు కవులను బోధించకూడదని ఆజ్ఞ వేశాడు. మా దేవతలను నమ్మనివారికి మా పుస్తకములెందుకు, మీ మత్తయిని లూకాను చదువుకోండి అన్నాడు. సంఘము సంతోషించిందా? లేదు! గ్రెగొరి మండిపడ్డాడు. భాష, సాహిత్యము ఒక్క మీ సొత్తా అని ఎదిరించాడు. క్రైస్తవ బిడ్డను ఆ పుస్తకములకు దూరము చేయాలని చూసినవాడు సంఘమునకు శత్రువు. ఉదయగిరిలోని పెద్దలకు ఎవ్వరూ ఈ సంగతి చెప్పి ఉండరు, అందుకే చెబుతున్నాను.

అప్పుడు సిరియా దేశపు లవొదికయలో అపొల్లినారి అనే తండ్రీ కొడుకులు ఒక సాహసము చేశారు. ప్రకటన గ్రంథములోని లవొదికయ కాదు, అది వేరు. మోషే గ్రంథములను తండ్రి హోమరు ఛందస్సులో కావ్యముగా, సువార్తలను కొడుకు ప్లేటో సంభాషణల పద్ధతిలో తిప్పి వ్రాశారు. 363లో జూలియను యుద్ధములో చనిపోయాడు, ఆజ్ఞ పోయింది, ఆ కావ్యములు కూడా మరుగున పడినవి. ఆజ్ఞకు భయపడి కట్టిన కవిత్వము నిలువలేదు. మన తెలుగు దేశములో పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునందు నిద్రించారు. ఆయన పాటలు నేటికీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఉన్నాయి. క్రీస్తును ఎరుగకముందు నేర్చుకొన్న తెలుగు, రాగము, తాళము ఆయన పారవేయలేదు. పారవేసి ఉంటే మనము ఆదివారము ఏమి పాడేవారము?

గ్రీకువారిని గూర్చే చెబుతూ వచ్చాను. ఆ బిడ్డ పుస్తకములో రోమా గ్రంథకర్తలు కూడా ఉంటారు. వారిలో ప్లినీ అనే పేరుతో ఇద్దరున్నారు. మేనమామ ప్లినీ గొప్ప ప్రకృతి గ్రంథము వ్రాసి, ఇండియా దేశపు సరుకుల కోసము ఏటా అయిదు కోట్ల సెస్టర్సుల రోమా ధనము తరలిపోవుచున్నదని వాపోయాడు. 79లో వెసూవియసు కొండ మండినప్పుడు చనిపోయాడు. ఆ ధనము ఎక్కడికి వచ్చింది? మన వైపుకు కూడా వచ్చింది. సువార్తలలోని దేనారము మాట మన దేశములో దీనారమై స్థిరపడింది, నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనములోనే ఆ మాట ఉంది.

మేనల్లుడు ప్లినీ 112 ప్రాంతములో బితూనియ, పొంతు దేశములకు అధిపతిగా ఉన్నాడు. పేతురు తన మొదటి పత్రిక వ్రాసింది ఆ దేశముల విశ్వాసులకు కూడా. ఈ ప్లినీ చక్రవర్తియైన ట్రాజనుకు ఒక ఉత్తరము వ్రాశాడు. క్రైస్తవులను ఎలా విచారించాలో తెలియడము లేదన్నాడు. వారు ఒక నియమిత దినమున తెల్లవారక ముందే కూడుకొని, క్రీస్తును దేవుడని కీర్తిస్తూ పాడతారట, దొంగతనము చేయము, వ్యభిచరించము, మాట తప్పము అని ఒట్టు పెట్టుకొంటారట, అని వ్రాశాడు. నిజము రాబట్టడానికి పరిచారకురాండ్రని పిలువబడే ఇద్దరు దాసీలను హింసించానని కూడా వ్రాశాడు. వారి పేర్లు వ్రాయలేదు. దాసీల పేర్లు అతనికెందుకు? ట్రాజను జవాబు కూడా ఉంది. వారిని వెదకి పట్టుకోవద్దు, పేరు లేని ఫిర్యాదులు తీసుకోవద్దు, అయితే నేరము రుజువై, మన దేవతలకు మ్రొక్కనివారిని శిక్షించు అన్నాడు. మన ఆరాధన ఎలా జరిగేదో బయటివాడు వ్రాసిన మొట్టమొదటి వివరమైన సాక్ష్యము ఇది. అది ఒక అన్యుని పుస్తకములో ఉంది.

ఆ ట్రాజను ముఖము నెల్లూరు మట్టిలో దొరికింది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలము దున్నుతుంటే నాగలి ఒక చిన్న పాడుపడిన గుడి ఇటుకలకు తగులుకొన్నది. త్రవ్వి చూస్తే కుండలో రోమా బంగారు నాణెములు! ట్రాజనువి, అతని తరువాతి హేడ్రియనువి, ఆ తరువాతి చక్రవర్తి భార్య ఫాస్టినావి. మద్రాసు గవర్నరుగా పని చేసిన డేవిడ్సన్ 1787లో ఒక ఉత్తరములో ఈ సంగతి వ్రాస్తే కలకత్తాలో అచ్చు వేశారు. కొన్ని పాత బంగారము క్రింద అమ్ముడుపోయి కరిగిపోయినవి. మిగిలినవాటిలో కొన్ని అప్పుడే టంకశాల నుండి వచ్చినట్లు మెరుస్తున్నాయట. కొన్ని అరిగిపోయి, మెడలో కట్టుకోవడానికి చేసినట్లు రంధ్రములతో ఉన్నాయట.

సమయము అయిపోయినది. టాసిటు, సుయెతోనియు అనే ఇంకొక ఇద్దరు రోమా చరిత్రకారులు క్రైస్తవులను గూర్చి వ్రాసిన సంగతి వచ్చే వారము చూద్దాము. అపొస్తలుల కార్యములు 18:2 చదువుకొని ఉండండి. ఇప్పుడు ప్రార్థన చేసుకొందాము.